లెక్కల గడి ఖాళీగా ఉండొద్దు

మా బడిలో సోమవారం మొదలుకావాల్సిన చదువు అంతకు ముందు శనివారం మధ్యాహ్నం మూడింటికే పూర్తయిపోయేది. వీక్లీ ప్లాన్ అనే కాగితం తయారై తల్లిదండ్రుల ఫోన్లలో పడగానే స్టాఫ్‌రూంలో అందరం ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఆ తర్వాత వారమంతా పిల్లలు వచ్చేవారు, బెల్లులు మోగేవి, చాక్‌పీసులు అరిగేవి. అసలు పని మాత్రం అయిపోయినట్టే. వెటకారానికి అంటున్నానని అనుకోకండి. ఆ కాగితాన్ని మూడేళ్లు తయారు చేసింది నేనే.

నాచారం పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న సందులో, మూడంతస్తుల ఇంటిని బడిగా మార్చిన ప్రైవేటు స్కూలు మాది. పేరు చెప్పను. పై అంతస్తు కిటికీలోంచి మౌలాలి గుట్ట కనిపించేది. కింద గేటు దగ్గర మాత్రం కరస్పాండెంట్ సార్ బండి తప్ప ఏమీ కనిపించేది కాదు. నేను లాలాపేట్ నుంచి షేర్ ఆటోలో వచ్చేదాన్ని. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెప్పేదాన్ని. ఏడో తరగతికి క్లాస్ టీచర్ని. నా టైపింగ్ బాగుంటుందని ఎవరో పుణ్యాత్ములు పైకి చేరవేశారు. ఇంకేముంది, మూడు తరగతుల ప్లాన్లూ నా నెత్తిన పడ్డాయి.

ఒక్కో తరగతికి ఒక్కో పేజీ. పైనుంచి కిందికి ఆరు సబ్జెక్టులు. పక్కకు నాలుగు గడులు. ఈ వారం పాఠం ఏమిటి, తరగతిలో చేయించేది ఏమిటి, ఇంటి పని ఏమిటి. చివరి గడి పేరు లెర్నింగ్ అవుట్‌కమ్. అంటే, వారం ముగిసేసరికి పిల్లలకు ఏం వస్తుందో ముందే రాసి పెట్టడం. అన్నీ ఇంగ్లీషులోనే. ఆ చివరి గడికి ఒక ప్రత్యేకమైన భాష ఉండేది. విద్యార్థి స్వయంగా చేయగలుగుతాడు అని రాయాలి. ప్రయత్నిస్తాడు అని రాస్తే కొట్టేసేవారు. తెలుగు మేడం ఒకసారి పద్యం గురించి, పిల్లలు ఆనందిస్తారు అని రాసింది. అది కొలిచేదెట్లా అని అడిగారు. పాపం, కంఠస్థం చేయగలుగుతారు అని మార్చుకుంది.

దీనికి ఒక తోక కూడా ఉంది. ప్లాన్‌లో ఏ తేదీకి ఏ పాఠం ఉందో, పిల్లల నోట్‌బుక్‌లో ఆ తేదీ కింద అదే ఉండాలి, దాని కింద మా సంతకం ఉండాలి. కోఆర్డినేటర్ మేడం రెండు వారాలకోసారి వచ్చి, ఒక చేత్తో ప్లాను, ఇంకో చేత్తో నోట్‌బుక్కు పట్టుకుని చూసేది. తేదీలు కలిస్తే చదువు వచ్చినట్టే. నలభై రెండు మంది పిల్లలు ఎదురుగా కూర్చుని ఉన్నా, వాళ్లలో ఒక్కరిని ఒక్క ప్రశ్న అడగ్గా నేను చూడలేదు.

ఆ మూడేళ్లలో రెండో ఏడాది ఆగస్టులో లెక్కల సార్ మానేశాడు. ఉప్పల్ వైపు ఏదో పెద్ద కాలేజీ వాళ్లు పిలిచారట. శుక్రవారం పాఠం చెప్పాడు, సోమవారం రాలేదు. ఉన్నన్నాళ్లూ బాగా చెప్పేవాడు. ఆయన పీరియడ్‌లో పిల్లలు గొడవ చేస్తే అది లెక్క గురించి గొడవే. ఆ గొడవ గోడ అవతల నా క్లాసులోకి వినిపించేది. నాకు కుళ్లుగా ఉండేది కూడా. నా సైన్సు క్లాసులో అంత చప్పుడు ఎప్పుడూ పుట్టలేదు.

కోఆర్డినేటర్ మేడం స్టాఫ్‌రూంలోకి వచ్చి ఆయన క్లాసులు తలా ఒకటి పంచింది. నా వంతుకు ఏడో తరగతి వచ్చింది.

"జర రెండు వారాలు చూస్కోన్రి మేడం. కొత్త సార్ వస్తున్నడు."

"నాకు లెక్కలు రావు మేడం. నేను బాటనీ చేసిన," అన్నాను.

"ఏడో తరగతి లెక్కలే గద మేడం! గైడ్ ఉంటది. ఏం ఫికర్ చెయ్యకున్రి."

కొత్త సార్ ఆ రెండు వారాల్లో రాలేదు. ఆ ఏడాది మొత్తం రాలేదు.

మొదటి శనివారం నేను ఏడో తరగతి ప్లాన్‌లో లెక్కల వరుస ఖాళీగా వదిలేశాను. అప్పటికి నాకు ఇంకా కొంచెం సిగ్గు ఉంది. మేడం ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది.

"ఏంది మేడం గిది? లెక్కల గడి ఖాళీగ ఉన్నది."

"సార్ లేడు గద మేడం. ఏం రాయాలె?"

"సార్ లేకుంటే ఏమాయె? ప్లాన్ అయితే ఉండాలె గద. పేరెంట్స్ చూస్తే ఏమనుకుంటరు? గడి ఖాళీగ ఉండొద్దు. నిరుటి ప్లాన్ తీసి పెట్టున్రి."

తీసి పెట్టాను. తేదీలు మార్చాను. విద్యార్థి భిన్నాల భాగహారం స్వయంగా చేయగలుగుతాడు. రెండు నిమిషాల పని. నాలుగు గడులూ నిండాయి. మేడం చూసి, "గిట్ల ఉండాలె," అంది.

సోమవారం క్లాసుకు వెళ్లాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ ఒక్క రోజు మాత్రం నిజంగానే పాఠం చెబుదామనే వెళ్లాను. ముందు రోజు రాత్రి గైడు చదువుకున్నాను కూడా. బోర్డు మీద మూడు బై నాలుగు భాగారం ఒకటి బై రెండు అని రాశాను. పైదాన్ని పైదాంతో, కిందిదాన్ని కిందిదాంతో గుణించి మూడు బై ఎనిమిది అని ధీమాగా గీత గీశాను. రెండో భిన్నాన్ని తిరగేయాలన్న సంగతి బోర్డు ముందు నిలబడగానే బుర్రలోంచి ఎగిరిపోయింది.

మూడో బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది. సన్నగా, పొట్టిగా ఉండేది. మోచేతుల దగ్గర యూనిఫాం చక్కగా రఫ్ఫు చేసి ఉండేది. వాళ్లమ్మ బట్టల కంపెనీలో మిషను మీద పని చేస్తుంది.

"మేడం, ముప్పావు మీటర్ బట్టల అర మీటర్ ముక్క ఒకటి వస్తది. ఇంక సగం ముక్క మిగుల్తది. అంటే ఒకటిన్నర గద? మూడు బై ఎనిమిది ఎట్లయితది మేడం?"

క్లాసంతా నా వైపు చూసింది. ఆ పిల్ల మాటలో పొగరు లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆ బట్ట నా కళ్లముందే కొలిచి చూపించినంత స్పష్టంగా చెప్పింది. నాకు మాత్రం నలభై రెండు మంది ముందు తల కొట్టేసినట్టయింది. ఒళ్లు మండింది కూడా. పదహారేళ్లుగా టీచర్ని, పన్నెండేళ్ల పిల్ల నాకు చెప్పడమేమిటి?

"బట్ట వేరు, మ్యాథ్స్ వేరు. మెథడ్ ఇదే. కూర్చో," అన్నాను.

కూర్చుంది. అందరూ మూడు బై ఎనిమిది అని రాసుకున్నారు.

స్టాఫ్‌రూంకు వచ్చి గైడు తెరిస్తే ఆ పిల్ల చెప్పిందే ఉంది. ఒకటిన్నర. మర్నాడు క్లాసుకు వెళ్లి, నిన్న నేను తప్పు చేశాను, సరిచేసుకోండి అంటే సరిపోయేది. అర నిమిషం పని. నోరు రాలేదు. ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఎల్లుండికి ప్లాన్‌లో తర్వాతి అభ్యాసం వచ్చేసింది.

ఆ వారాంతంలో నోట్‌బుక్‌లు దిద్దాను. నలభై రెండు పుస్తకాల్లోనూ మూడు బై ఎనిమిది. తప్పు పెడితే, క్లాసు క్లాసంతా ఒకే తప్పు ఎట్లా చేసింది మేడం అని అడుగుతారు. అందుకని నలభై రెండింటికీ ఎర్రగా టిక్కు పెట్టి సంతకం చేశాను. ఆ పిల్ల పుస్తకం అన్నిటికీ చివర పెట్టుకున్నాను. తెరిచి చూశాను. దానిలోనూ మూడు బై ఎనిమిదే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అవును, అక్షరాలా అదే అనుకున్నాను.

ఇక ఆ తర్వాత పాఠం చెప్పే ప్రయత్నమే చేయలేదు. గైడులో జవాబులు ఉన్నాయి, బోర్డు ఉంది, పిల్లలకు చేతులు ఉన్నాయి. క్లాస్ లీడర్‌తో బోర్డు మీద రాయించేదాన్ని, మిగతావాళ్లు ఎక్కించుకునేవారు. నేను కుర్చీలో కూర్చుని ఏం చేసేదాన్నో తెలుసా? వీక్లీ ప్లాన్ రాసేదాన్ని. మూడు తరగతులు, ఆరేసి సబ్జెక్టులు. ఖాళీ పీరియడ్లు సరిపోవడం లేదు అంటే మేడమే దారి చూపించింది.

"మ్యాథ్స్ పీరియడ్ల కూసోని చేస్కోన్రి మేడం. పిల్లలు ఎట్లాగో ఎక్కించుకుంటనే ఉంటరు గద."

అట్లా, లెక్కలు చెప్పాల్సిన గంటలో కూర్చుని, లెక్కలు వచ్చేశాయని రాసేదాన్ని. నా ఎదురుగా పిల్లలు తల వంచుకుని అర్థం కానివి దించుకునేవారు. నేను తల వంచుకుని, అర్థమైందని టైపు చేసేదాన్ని. విద్యార్థి సామాన్య సమీకరణాలను స్వయంగా సాధించగలుగుతాడు. విద్యార్థి శాతాలను నిత్యజీవితానికి అన్వయించగలుగుతాడు. నోట్‌బుక్‌లు అద్దాల్లా ఉండేవి. ఆ టర్ములో మా తరగతికే మంచి నోట్‌బుక్‌ల మెప్పు దక్కింది. అసెంబ్లీలో చప్పట్లు కొట్టించారు. నేనూ నవ్వుతూ నిలబడ్డాను.

నవంబరులో ఒక శనివారం తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఆ పిల్ల తల్లి మధ్యాహ్నం అన్నం గంటలో కంపెనీ నుంచి పరుగున వచ్చింది. చున్నీకి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, పారిశ్రామికవాడ వెనకాల ఒక్క గదిలో తల్లీ కూతుళ్లే ఉంటున్నారు. ఆమె కూర్చోగానే సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. చూసి బిత్తరపోయాను. జూన్ నుంచి నేను పంపిన ప్లాన్లన్నీ వరసగా ఉన్నాయి. ఫోన్‌లో పాతవి పోతాయని, ప్రతి శనివారం కంపెనీ నుంచి వచ్చేటప్పుడు జిరాక్సు దుకాణంలో ప్రింటు తీయించుకుంటుందట. వాటిని అంచున మిషను కుట్టు వేసి పుస్తకంలా చేసుకుంది. తెల్ల దారం, సన్న కుట్టు, ఎక్కడా వంకర లేదు.

"నాకు ఇంగ్లీష్ రాదు మేడం," అంది. "నా బిడ్డనే చదివి తెలుగుల జెప్తది. ఐతారం చర్చికెళ్లొచ్చినంక ఇద్దరం కూసుంటం. ఇది అయిందా అంటే అయిందంటది. నేను టిక్ పెడ్త. గా కాగితం ఎన్కాల ఒక లెక్క చేసి చూపియ్యమంట. చేస్తది."

ప్రతి గడి పక్కనా ఎర్ర టిక్కు ఉంది. మా కోఆర్డినేటర్ మేడం కూడా అంత శ్రద్ధగా ఏనాడూ చూడలేదు ఆ కాగితాన్ని. ఆ ఊళ్లో, ఆ బడిలో, నేను రాసింది నిజమని నమ్మి చదివిన మనిషి ఆమె ఒక్కతే.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. "గురుకులంల ఎనిమిదో తరగతికి ఖాళీ సీట్లుంటయట మేడం, పరీక్ష రాయిస్త. నాది రాత్రి ఎనిమిది దాక డ్యూటీ. నాలుగింటి సంది పిల్ల ఒక్కతే ఉంటది రూంల. ఎదిగే పిల్ల. పక్క రూంలల్ల అందరు పనికొచ్చిన మొగోళ్లు. తలుపు పెట్టుకోని కూసో బిడ్డా, ఎవరు కొట్టినా తియ్యకు అని చెప్పి పోత. మిషన్ మీద కూసున్నా నా పానం ఆడ్నే ఉంటది. గురుకులంల సీటొస్తే ఇంటర్ దాక రందిలేదు."

"మంచిదమ్మా, రాయించు," అన్నాను.

"గని లెక్కలంటే ఏడుస్తది మేడం. నిరుడు లెక్కలంటే పానం ఇడిసేది. ఇప్పుడు ఎన్కాల ఒక్క లెక్క చెయ్యమంటే బుక్కు చూసి చేస్తది, బుక్కు మూస్తే రాదంటది. ప్లాన్ల అయితే అన్ని అయినయ్ అని ఉన్నది గద. ట్యూషన్ల ఎయ్యాల్నా మేడం? మా సూపర్‌వైజర్ సార్ చెల్లె చెప్తదట, లెక్కలు మంచిగ చెప్తదట. మీరు ఎట్లంటే గట్ల."

పిల్ల తల్లి పక్కన నిలబడి నా మొహంలోకి చూస్తోంది. నా కుర్చీ వెనక కోఆర్డినేటర్ మేడం నిలబడి ఉంది. ఆమె సెంటు వాసన నాకు తెలుస్తోంది. ఒక్క మాట చాలు. ట్యూషన్‌లో వెయ్యమ్మా, లెక్కలు జరగడం లేదు అంటే చాలు. పూర్తిగా కూడా అక్కర్లేదు, వెయ్యి అంటే చాలు. కానీ వెయ్యమంటే, ప్లాన్‌లో అన్నీ అయ్యాయంటున్నారు కదా మరి ఎందుకు అని అడుగుతుంది. వెనక మేడం వింటుంది. నా ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలుసు.

"ట్యూషన్ అక్కర్లేదమ్మా. సిలబస్ అంతా టైముకే అయితుంది. పిల్లకు ధ్యాస తక్కువైంది. ఇంట్లో జర ప్రాక్టీస్ చేయించు," అన్నాను.

ధ్యాస తక్కువైంది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! టీచర్లందరి నాలుక చివర సిద్ధంగా ఉండే మాట అది. తల్లి కూతురి వైపు తిరిగి చూసింది. ఆ చూపు నేను చూశాను. పిల్ల తల దించుకుంది.

"మేడం గింత కష్టపడి చెప్తుంటే నీ ధ్యాస ఏడున్నదే?" అంది తల్లి, వీపు మీద ఒక్కటి వేసి. గట్టిగా కాదు. అయినా ఆ చప్పుడు నాకు వినిపించింది. కోఆర్డినేటర్ మేడం వెనకనుంచి, "గుడ్ స్టూడెంటే అమ్మా, అయితది," అని భుజం తట్టి పక్క బల్లకు వెళ్లిపోయింది.

సోమవారం ఆ పిల్ల అరచేతుల మీద వాతలు కనిపించాయి. అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

ఆ తర్వాత ఆ పిల్ల క్లాసులో లేచి నిలబడడం నేను చూడలేదు. సైన్సులో కూడా ప్రశ్న వేయడం మానేసింది. అడిగినదానికి జవాబు తెలిసినా, ముందు పక్క పిల్ల పుస్తకంలోకి చూసి, తన పుస్తకంలోకి చూసి, అప్పుడు చెప్పేది. ఆగస్టులో ముప్పావు మీటరు బట్ట లెక్క చెప్పిన పిల్లేనా ఇది అనిపించేది. అనిపించి ఊరుకునేదాన్ని.

జనవరిలో ఒకరోజు లంచ్ బెల్లు కొట్టాక నా బల్ల దగ్గర ఆగింది. మిగతా పిల్లలంతా వెళ్లిపోయే దాకా ఆగింది.

"మేడం, సింపుల్ ఈక్వేషన్స్ ఒక్కసారి మళ్ల చెప్తరా? నాకు మర్శిపోయింది."

మళ్లీ చెప్తారా అంది. మరిచిపోయింది అంది. నేను ఎప్పుడూ చెప్పని పాఠాన్ని తాను మరిచిపోయానని ఆ పిల్ల నిజంగానే నమ్మింది. ప్లాన్‌లో అయిందని ఉంది. నోట్‌బుక్‌లో నా సంతకం ఉంది. తల్లి టిక్కు ఉంది. ఇన్ని సాక్ష్యాలు ఉంటే, పన్నెండేళ్ల పిల్ల ఇంకెవరిని తప్పు పడుతుంది? తనను తానే తప్పు పట్టుకుంది.

"రేపు చెప్త," అన్నాను.

ఆ రేపు శుక్రవారం. ప్లాన్ కోసం టీచర్లు రాసిచ్చే స్లిప్పులు అందరి దగ్గరా వసూలు చేసే రోజు. సోషల్ సార్ ఇవ్వలేదు, ఆయన వెంట పడ్డాను. పిల్ల గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు. నేనూ పిలవలేదు. నా దగ్గర చెప్పడానికి పాఠం ఉంటే కదా! చెబుదామంటే ముందు నేను నేర్చుకోవాలి. ఏడో తరగతి సమీకరణాలు నేర్చుకోవడానికి రెండు సాయంత్రాలు చాలు. ఆ రెండు సాయంత్రాలు నేను ఆ పిల్లకు పెట్టలేదు. అంతే. దీనికి బడిని తిట్టి, కరస్పాండెంటును తిట్టి, కోఆర్డినేటర్‌ను తిట్టి నేను తప్పించుకోలేను. చాలా ఏళ్లు అదే పని చేశాను. ఇక ఓపిక లేదు.

వేసవిలో ఉప్పల్‌లో ఏదో సెంటర్ పడిందట, పరీక్ష రాసింది. ఫలితాలు వచ్చాక తల్లి జూన్‌లో బడికి వచ్చింది. టీసీ కోసం వచ్చింది. సీటు రాలేదు. తెలుగు, ఇంగ్లీషు, సైన్సు బాగా చేసిందట, లెక్కల దగ్గర ఆగిపోయిందట. ఆఫీసులో క్లాస్ టీచర్ సంతకం పెట్టించుకురమ్మని నా దగ్గరకు పంపారు. పిల్ల కూడా వచ్చింది. ఏడాదిలో పొడుగైంది.

"ఏ స్కూల్ల ఎయ్యాలనుకుంటున్నవమ్మా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"చర్లపల్లిల మా ఆడబిడ్డ ఉన్నది మేడం. ఆమెకు చిన్నపిల్లలు ఇద్దరు. ఈడ ఒక్కతిని రూంల ఇడిసిపెట్టలేను ఇంక. మొన్న పక్క రూమోడు తాగొచ్చి తలుపు కొట్టిండు. పిల్ల మంచం కింద దాక్కున్నదట, నేనొచ్చే దాక. ఆడ ఆడబిడ్డ దగ్గర ఉంటది, పిల్లల్ని చూస్కుంటది, దగ్గర సర్కార్ బడికి పోతది. పంపిస్తమన్నరు బడికి." ఆమె గొంతులో ఆ చివరి మాట మీద నమ్మకం లేదు. తనకు తానే చెప్పుకుంటున్నట్టు దాన్ని ఇంకోసారి అంది. "పంపిస్తమన్నరు."

సంతకం పెట్టాను. పెన్ను తిన్నగానే నడిచింది. ఇన్ని సంతకాలు చేసిన చెయ్యి మరి.

అప్పుడు ఆమె కూతుర్ని ముందుకు తోసింది. "సారీ చెప్పు మేడంకు."

నాకు అర్థం కాలేదు. "ఎందుకమ్మా?" అన్నాను.

"గింత మంచిగ అన్ని చెప్పిన్రు మేడం మీరు. వారం వారం రాసి పంపిన్రు. ఒక్క వారం తప్పలే. గింత చేస్తే కూడ ఇది దిమాక్ పెట్టలే. మీ పేరు ఖరాబ్ చేసింది. చెప్పవే."

పిల్ల తలెత్తి నా వైపు చూసింది. ఏడుపు లేదు, కోపం లేదు. పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది.

"సారీ మేడం. మీరు చెప్పినయ్ నాకు గుర్తుండలే."

అప్పుడైనా చెప్పొచ్చు. సీటు పోయింది, టీసీ అయింది, కోఆర్డినేటర్ మేడం పై అంతస్తులో ఉంది, ఆ గదిలో మేం ముగ్గురమే. నీకు లెక్కలు వచ్చు బిడ్డా, నేనే చెప్పలేదు అంటే, ఆ పిల్ల చర్లపల్లికి ఆ ఒక్క మాటైనా వెంట తీసుకుపోయేది. తల్లి నన్ను నాలుగు మాటలు అనేది. అంతకంటే ఏమయ్యేది?

"పర్లేదమ్మా," అన్నాను. "మంచిగ చదువుకో."

క్షమించాను! ఆ పిల్లను నేను క్షమించాను, వినండి.

వెళ్లబోతూ తల్లి సంచిలోంచి ఆ కుట్టు వేసిన కట్ట తీసి నా బల్ల మీద పెట్టింది. ఏడాది ప్లాన్లు, మొత్తం. "మీ దగ్గరనే ఉంచుకోన్రి మేడం. ఎవలన్నా కొత్త పిల్లలకు పనికొస్తయ్." వద్దనలేకపోయాను. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు. కిటికీలోంచి చూడలేదు.

కట్ట ఇంటికి తెచ్చుకున్నాను. వారం పాటు బ్యాగులోనే ఉంచాను. కొత్త ఏడాది మొదటి ప్లాన్లు రాయాల్సిన శుక్రవారం సాయంత్రం, నిరుటి ప్లాన్ తీసి తేదీలు మారుద్దామని, సిగ్గు లేకుండా దాన్నే తెరిచాను. కాగితాలు తిప్పుతుంటే వెనక వైపు లెక్కలు కనిపించాయి. ప్రతి ఆదివారం తల్లి ముందు కూర్చుని చేసినవి. జూన్, జూలై కాగితాల వెనక గజిబిజిగా, కొట్టివేతలతో, పక్కన బొమ్మలతో ఉన్నాయి. లెక్కల సార్ ఉన్నప్పటివి. సెప్టెంబరు నుంచి శుభ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా, గైడులో ఉన్నవి ఉన్నట్టు.

మధ్యలో ఆగస్టు కాగితం. వెనక పెన్సిలుతో మూడు బై నాలుగు భాగారం ఒకటి బై రెండు. కింద ఒక బట్ట ముక్క బొమ్మ గీసి ఉంది. ముప్పావు మీటరు. దాన్ని అర దగ్గర గీత పెట్టి విడదీసింది. మిగిలిన ముక్కను ఇంకో అర పక్కన పెట్టి, అందులో సగం అని చూపించింది. దాని కింద ఒకటిన్నర అని రాసింది. చక్కగా, సరిగ్గా రాసింది.

ఆ ఒకటిన్నర మీద అడ్డంగా గీత ఉంది. పెన్సిలు కాదు, పెన్ను. కాగితం చిరిగేటంత గట్టిగా కొట్టేసింది. పక్కన పెన్నుతోనే మూడు బై ఎనిమిది అని రాసుకుంది. దాని పక్కన వాళ్లమ్మ ఎర్ర టిక్కు పెట్టింది.